వద్దనుకునే వీలు: డెన్నిస్ రిచీ జీవితంలో ఒక ఇనిట్ కథ

లినక్స్ వాడే విద్యార్థుల్లో చాలామంది ఉబుంటుతోనో ఫెడోరాతోనో మొదలుపెడతారు. కొన్నాళ్లు గడిచాక ఎవరో ఒకరి మనసు జెంటూ మీదికి పోతుంది. జెంటూలో 2023 దాకా సాఫ్ట్‌వేర్ చాలావరకు తయారుగా వచ్చేది కాదు. సోర్స్ కోడ్ దింపుకుని మన మెషీన్ మీదే కంపైల్ చేసుకోవాల్సి వచ్చేది. అలా వెళ్లినవాళ్లకు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఇనిట్‌గా ఏది కావాలి, ఓపెన్‌ఆర్‌సీనా, సిస్టమ్‌డీనా? ఉబుంటు, ఫెడోరాలు ఆ మాట అడగనే అడగవు. సిస్టమ్‌డీని పెట్టేసి ఊరుకుంటాయి.

ముందు ఇనిట్ అంటే ఏమిటో చెప్పుకుందాం. కంప్యూటర్ ఆన్ చేశాక కెర్నల్ లేస్తుంది. మెమరీ, డిస్క్ లాంటివి సర్దుకుని, చివర్లో ఒకే ఒక్క ప్రోగ్రామ్‌ను నడుపుతుంది. దాని ప్రాసెస్ నంబరు 1. ఇంట్లో అందరికంటే ముందు లేచి, వాకిలి ఊడ్చి, పొయ్యి వెలిగించి, మిగతావాళ్లను లేపే మనిషి ఉంటారు కదా, ఇనిట్ అలాంటిది. నెట్‌వర్క్, లాగిన్, ప్రింటర్ సర్వీసు అన్నీ అది లేపితేనే లేస్తాయి. తల్లి ప్రాసెస్ ముందే పోతే మిగిలిపోయిన పిల్ల ప్రాసెస్‌ను చేరదీసేది కూడా మామూలుగా అదే. అది గనక చచ్చిపోతే కెర్నల్ కూడా చేతులెత్తేస్తుంది.

మరి ఇంత ముఖ్యమైనదాన్ని మనకు నచ్చలేదని మార్చేసుకోవచ్చా? మార్చుకోవచ్చు. ఆ వీలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. యాభై ఏళ్ల కిందట అమెరికాలోని న్యూజెర్సీలో, ఒక ల్యాబ్‌లో కొద్దిమంది తీసుకున్న నిర్ణయాల వల్ల వచ్చింది. ఆ కొద్దిమందిలో ఒకడు డెన్నిస్ రిచీ. ఫస్టియర్ సి ల్యాబ్‌లో మనం రోజూ వాడిన భాషను తయారుచేసినవాడు.

చేతికి రాని డాక్టరేట్

రిచీ 1941 సెప్టెంబర్ 9న న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో పుట్టాడు. తండ్రి ఆలిస్టర్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో శాస్త్రవేత్త. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలకు ప్రాణమైన స్విచింగ్ సర్క్యూట్ల మీద పుస్తకం రాసినవారిలో ఆయనొకడు. కుటుంబం తర్వాత న్యూజెర్సీలోని సమిట్‌కు మారింది. అక్కడికి బెల్ ల్యాబ్స్ మర్రే హిల్ క్యాంపస్ దగ్గరే.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చదివి 1963లో డిగ్రీ తీసుకున్నాడు. తర్వాత అప్లయిడ్ మ్యాథ్స్‌లో పీహెచ్‌డీకి చేరాడు. ప్రోగ్రామ్ నిర్మాణానికీ, దాన్ని నడపడానికి పట్టే శ్రమకూ మధ్య ఉన్న సంబంధం మీద థీసిస్ రాశాడు. 1968 నాటికి అది పూర్తయింది. కానీ నిబంధన ప్రకారం బైండు చేయించిన కాపీని యూనివర్సిటీకి అప్పగించలేదు. దాంతో డాక్టరేట్ చేతికి రాలేదు. రికార్డు బైండింగ్ కోసం జిరాక్స్ షాపుల చుట్టూ తిరిగే మనకు ఈ సంగతి కాస్త నవ్వు తెప్పిస్తుంది. ఆయన మాత్రం అప్పటికే, 1967లోనే, తండ్రి పనిచేసిన బెల్ ల్యాబ్స్‌లో చేరిపోయి ఉన్నాడు.

పెద్ద సిస్టమ్ నుంచి బయటికి

రిచీ చేరేనాటికి బెల్ ల్యాబ్స్, ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను కడుతున్నాయి. ఒకే పెద్ద కంప్యూటర్‌ను ఎంతోమంది ఒకేసారి వాడుకోవాలన్నది దాని ఆశయం. ఆశయం గొప్పదే. కానీ పని ఏళ్ల తరబడి సాగింది, ఖర్చు పెరిగింది, సిస్టమ్ బరువెక్కింది. 1969లో బెల్ ల్యాబ్స్ యాజమాన్యం ఆ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది.

కెన్ థాంప్సన్, రిచీ, డగ్ మెకిల్‌రాయ్, జో ఒసన్నా లాంటివాళ్లకు ఇది ఇబ్బందే. మల్టిక్స్ బరువు వాళ్లకు నచ్చకపోవచ్చు గానీ, నలుగురూ ఒకే మెషీన్ చుట్టూ చేరి పనిచేసుకునే వాతావరణం నచ్చింది. కార్డులు ఇచ్చి రిజల్టు కోసం ఎదురుచూసే పాత పద్ధతికి మళ్లీ వెళ్లడం వాళ్లకు ఇష్టం లేదు. కొత్త మెషీన్ కొనమని అడిగితే యాజమాన్యం ఒప్పుకోలేదు.

చివరికి థాంప్సన్‌కు పెద్దగా ఎవరూ వాడని ఒక పీడీపీ-7 దొరికింది. అంతరిక్షంలో తిరిగే ఒక ఆటను దానిమీద రాస్తూ ఆ మెషీన్‌తో చనువు పెంచుకున్నాడు. థాంప్సన్, రిచీ, రడ్ కెనడే కలిసి అంతకుముందే బోర్డు మీద వేసుకున్న ఫైల్ సిస్టమ్‌కు అక్కడ ప్రాణం పోశారు. 1969లో అలా పుట్టింది యూనిక్స్. పేరు కూడా మల్టిక్స్ మీద చిన్న చమత్కారమే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. వాళ్లు మల్టిక్స్‌ను వదిలేశారు గానీ దాన్ని తిట్టుకుంటూ కూర్చోలేదు. డైరెక్టరీల్లో డైరెక్టరీలు ఉండే ఫైల్ సిస్టమ్, కమాండ్లు చదివే షెల్‌ను మామూలు ప్రోగ్రామ్‌గా ఉంచడం లాంటి మంచి ఆలోచనలను తెచ్చుకున్నారు. మొత్తం సరుకు వద్దన్నారు, పనికొచ్చే ముక్కలు ఏరుకున్నారు. కథ జెంటూ దాకా వచ్చాక ఇదే పని మళ్లీ కనిపిస్తుంది.

మొదటి ప్రాసెస్‌కు ఒక పేజీ

1970లో పేటెంట్ విభాగానికి టైపింగ్, ఫార్మాటింగ్ సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తామని చెప్పి ఈ బృందం ఒక పీడీపీ-11 కొనిపించుకుంది. దానిలో మెమరీ 24 కిలోబైట్లు. అందులో 16 సిస్టమ్‌కు, 8 యూజర్ ప్రోగ్రామ్‌లకు. డిస్క్ అర మెగాబైట్. మన ఫోన్లో ఒక ఫొటో కూడా ఆ డిస్క్‌లో పట్టదు.

1971 నవంబర్ 3 తేదీతో యూనిక్స్ మొదటి మాన్యువల్ వచ్చింది. అందులోనే ఇనిట్‌కు సొంతంగా ఒక పేజీ ఉంది. 1974 జులైలో ఏసీఎం పత్రికలో రిచీ, థాంప్సన్ రాసిన పేపర్ దాని పనితీరును అందరికీ విప్పి చెప్పింది. కెర్నల్ లేచాక చివరి పనిగా ఒక ప్రాసెస్‌ను సృష్టించి ఇనిట్‌ను నడుపుతుంది. ఇనిట్ ఒక్కో టెర్మినల్‌కు ఒక్కో ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. ఆ ప్రాసెస్ లాగిన్ అడుగుతుంది, పాస్‌వర్డ్ సరిపోతే షెల్‌గా మారుతుంది. యూజర్ పని ముగించి వెళ్లిపోతే, అప్పటిదాకా నిద్రలో ఉన్న ఇనిట్ లేచి ఆ టెర్మినల్‌కు మరో ప్రాసెస్‌ను పెడుతుంది.

ఇందులో వింత ఏముంది అనిపించవచ్చు. అసలు విషయం పనులు పంచిన తీరులో ఉంది. లాగిన్ అడగడం, కమాండ్లు చదవడం, ఉదయాన్నే ఏ పనులు మొదలుపెట్టాలో నిర్ణయించడం ఇవన్నీ కెర్నల్ బయట, మామూలు ఫైళ్లలో ఉన్న మామూలు ప్రోగ్రామ్‌లు. పాస్‌వర్డ్ ఫైల్లో ఒక్కో యూజర్ పేరు పక్కన లాగిన్ తర్వాత ఏ ప్రోగ్రామ్ నడవాలో రాసే చోటు కూడా పెట్టారు. టైపింగ్ పని మాత్రమే చేసేవాళ్లకు షెల్ బదులు నేరుగా ఎడిటర్ తెరుచుకునేలా చేయవచ్చు. అంటే షెల్ కూడా మార్చదగిన వస్తువే. కెర్నల్‌కు కావలసింది నడపడానికి ఒక ఫైల్. ఆ ఫైల్ లోపల ఏముందో అది పట్టించుకోదు.

నేటి లినక్స్ కెర్నల్ కూడా ఇంతే. బూట్ లోడర్ నుంచి ఇనిట్ పారామీటర్‌గా ఏ ప్రోగ్రామ్ దారి ఇస్తే దాన్నే నంబరు 1గా నడుపుతుంది. ఏమీ ఇవ్వకపోతే తెలిసిన కొన్ని చోట్ల వెతుకుతుంది, ఎక్కడా దొరక్కపోతే చివరికి షెల్‌నైనా నడపాలని చూస్తుంది.

మెషీన్ మారినా మిగిలే కోడ్

మార్చుకునే చోటు ఉంటే సరిపోదు. మార్చడానికి మన చేతిలో కోడ్ ఉండాలి, అది మనకు చదవగలిగేలా ఉండాలి. రిచీ అసలు పని ఇక్కడే మొదలైంది.

మొదట్లో యూనిక్స్ మొత్తం అసెంబ్లీలోనే. బీసీపీఎల్ అనే భాషను కుదించి థాంప్సన్ బి అనే భాష చేశాడు. బికి అన్నీ ఒకే సైజు పదాలే. పీడీపీ-11 మాత్రం బైట్లవారీగా చిరునామాలు ఇచ్చే మెషీన్. రిచీ 1971 నుంచి బికి టైపులు చేర్చుకుంటూ, కంపైలర్ తిరగరాస్తూ పోయాడు. అది చివరికి సి అయింది. 1972లో థాంప్సన్ కెర్నల్‌ను అప్పటి సిలో రాయబోయి మధ్యలో వదిలేశాడు. భాషలో అప్పటికి స్ట్రక్చర్లు లేవు. రిచీ వాటిని చేర్చాక 1973 వేసవిలో ఇద్దరూ కలిసి కెర్నల్‌ను సిలో తిరగరాశారు. మనం ఎగ్జామ్ కోసం బట్టీ పట్టే స్ట్రక్చర్ వెనక ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఎదురుచూపు ఉందన్నమాట.

తర్వాత స్టీవ్ జాన్సన్‌తో కలిసి రిచీ యూనిక్స్‌ను ఇంటర్‌డేటా 8/32 అనే పూర్తిగా వేరే మెషీన్‌కు తీసుకెళ్లాడు. 1978లో బ్రయన్ కెర్నిగన్‌తో కలిసి రాసిన సి పుస్తకం వచ్చింది. ఒకే సోర్స్‌ను ఏ మెషీన్ మీదైనా కంపైల్ చేసుకోవచ్చన్న ఆలోచన దానితో ప్రపంచమంతా పాకింది. జెంటూలాంటి డిస్ట్రిబ్యూషన్ నిలబడింది ఆ పునాది మీదే.

టేపులు తిరిగిన దారి

బెల్ ల్యాబ్స్ యజమాని ఏటీ అండ్ టీ. టెలిఫోన్ వ్యాపారం దాటి వేరే వ్యాపారం చేయకూడదని 1956లో ప్రభుత్వంతో ఒప్పందం పడింది. అందుకే యూనిక్స్‌ను సరుకుగా అమ్మలేకపోయింది. యూనివర్సిటీలకు నామమాత్రపు ఫీజుకు, సోర్స్ కోడ్‌తో సహా లైసెన్స్ ఇచ్చింది. సపోర్టు ఉండదు, తప్పులుంటే మీరే దిద్దుకోవాలి. ఆ మాట శాపంలా కనిపించినా వరమైంది. సోర్స్ ఉంది, అడిగే దిక్కులేదు, కాబట్టి అందరూ చదివారు, దిద్దారు, ఒకరికొకరు పంపుకున్నారు.

ఇనిట్ విషయంలోనూ అదే జరిగింది. బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ల బీఎస్‌డీలో ఇనిట్ సాదాగా ఉండి, బూట్ పనులను ఆర్‌సీ అనే షెల్ స్క్రిప్టుకు అప్పగించింది. ఏటీ అండ్ టీ సొంత సిస్టమ్ ఫైవ్‌లో ఇనిట్‌ట్యాబ్ అనే ఫైలు, రన్‌లెవల్స్ అనే పద్ధతి వచ్చాయి. ఒకే తల్లికి పుట్టిన రెండు సిస్టమ్‌లు, రెండు రకాల ఇనిట్‌లు. అప్పట్లో దీనిమీద ఎవరి అనుమతీ అడగనక్కరలేదు.

ఆ తలుపు మూసుకోవడం కూడా రిచీ కళ్లముందే జరిగింది. 1979 నాటి ఏడో ఎడిషన్ లైసెన్స్ సోర్స్‌ను క్లాసులో పాఠంగా చెప్పడానికి ఒప్పుకోలేదు. ఆస్ట్రేలియా ప్రొఫెసర్ జాన్ లయన్స్ ఆరో ఎడిషన్ మీద రాసిన వ్యాఖ్యానం జిరాక్సు కాపీలుగా చేతులు మారుతూ బతికింది. 1984లో ఏటీ అండ్ టీ ముక్కలయ్యాక పాత కట్టడి పోయి, యూనిక్స్ పక్కా వ్యాపార సరుకైంది. సోర్స్ లేనివాడికి ఇనిట్ నచ్చకపోతే నోరుమూసుకుని వాడుకోవడమే దారి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించడానికీ, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌ను జనం అందిపుచ్చుకోవడానికీ ఈ మూత ఒక ముఖ్య కారణం.

చివరి ఏడాది, కొత్త ఇనిట్

రిచీకి గుర్తింపు తక్కువేమీ రాలేదు. థాంప్సన్‌తో కలిసి 1983లో ట్యూరింగ్ అవార్డు, 1999లో అధ్యక్షుడు క్లింటన్ చేతుల మీదుగా నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ, 2011లో జపాన్ ప్రైజ్. ప్లాన్ 9, ఇన్ఫెర్నో సిస్టమ్‌ల పనిలోనూ ఆయన ఉన్నాడు. 2007లో రిటైరయ్యాడు. న్యూజెర్సీలోని బర్క్‌లీ హైట్స్‌లో ఒంటరిగా ఉండేవాడు. 2011 అక్టోబర్ 12న ఆ ఇంట్లోనే చనిపోయి కనిపించాడు. వయసు 70. అంతకు వారం ముందే స్టీవ్ జాబ్స్ పోయాడు. పేపర్లన్నీ ఆ వార్తతో నిండి ఉండగా రిచీ కబురు ఓ మూలకు పోయింది. ఐఫోన్ లోపలి సిస్టమ్ కూడా యూనిక్స్ వంశానిదేనని కొద్దిమందే గుర్తుచేసుకున్నారు.

ఆ ఏడాది మే నెలలోనే ఫెడోరా 15 సిస్టమ్‌డీతో విడుదలైంది. లెనర్ట్ పోటరింగ్, కే సీవర్స్ 2010లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. నవంబర్‌లో వచ్చిన ఫెడోరా 16ను రిచీ స్మృతికి అంకితం చేశారు. మరుసటి జనవరిలో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 9.0ను కూడా. ఫ్రీబీఎస్‌డీ నేటికీ ఆర్‌సీ స్క్రిప్టులతోనే లేస్తుంది. కొత్త ఇనిట్ వాడేవాళ్లూ, పాత పద్ధతివాళ్లూ ఆయన్ని తమవాడే అనుకున్నారు. కాబట్టి ఈ తగాదాలో ఆయన్ని ఒక పక్షానికి సాక్షిగా పిలవడం న్యాయం కాదు.

సిస్టమ్‌డీ చేసే పని చిన్నదేమీ కాదు. సర్వీసులను ఒకేసారి లేపుతుంది, ఒక సర్వీసు పుట్టించిన ప్రాసెస్‌లన్నిటినీ ఒక గుంపుగా లెక్కపెట్టుకుంటుంది, చచ్చినదాన్ని తిరిగి లేపుతుంది. పాత స్క్రిప్టుల్లో ఇవి సరిగ్గా కుదిరేవి కావు. అభ్యంతరం వేరే చోట ఉంది. లాగిన్ సెషన్లు, డివైజ్‌లు, లాగులు ఇలా ఒక్కొక్కటీ అదే ప్రాజెక్టు గూటికి చేరాయి. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ వాటిమీద ఆధారపడటం మొదలుపెట్టింది. దాంతో ఇనిట్ వద్దంటే డెస్క్‌టాప్ కూడా చేజారే ప్రమాదం వచ్చింది. 2014లో డెబియన్ టెక్నికల్ కమిటీలో ఓట్లు చెరి సగమై, అధ్యక్షుడి ఓటుతో సిస్టమ్‌డీ గెలిచింది. ఒప్పుకోనివాళ్లు విడిపోయి డెవువాన్ పెట్టుకున్నారు.

జెంటూలో వద్దనడం

జెంటూలో ఇల్లు వదిలి వెళ్లనక్కరలేదు. 2007లో జెంటూ డెవలపర్ రాయ్ మార్పుల్స్ మొదలుపెట్టిన ఓపెన్‌ఆర్‌సీ అక్కడ ఉంది. మామూలు అమరికలో నంబరు 1 ప్రాసెస్ సిస్‌వీ-ఇనిట్. అంటే సిస్టమ్ ఫైవ్ పద్ధతిలో లినక్స్ కోసం రాసినది. అది ఇనిట్‌ట్యాబ్ చదివి ఓపెన్‌ఆర్‌సీని పిలుస్తుంది, సర్వీసులు లేపే పని ఓపెన్‌ఆర్‌సీది.

చేయాల్సింది వరసగా ఇదీ. ముందు ఓపెన్‌ఆర్‌సీ అని రాసి ఉన్న స్టేజ్-3 ఫైలునే దింపుకోవాలి. ప్రొఫైల్ ఎంచుకునేటప్పుడు పేరులో సిస్టమ్‌డీ లేనిది తీసుకోవాలి. మేక్ డాట్ కాన్ఫ్ ఫైల్లో యూజ్ ఫ్లాగుల దగ్గర సిస్టమ్‌డీ ముందు మైనస్ గుర్తు పెట్టి, ఈలాగిన్‌డీని చేర్చాలి. పొరపాటున కూడా రాకూడదనుకుంటే ప్యాకేజ్ మాస్క్‌లో సిస్టమ్‌డీ ప్యాకేజీ పేరు రాసేయాలి. ఆపైన ఏ ప్యాకేజీకైనా అది తప్పనిసరైతే, కంపైల్ మొదలుకాకముందే పోర్టేజ్ ఆగి, ఎవరు అడుగుతున్నారో చూపిస్తుంది. ఆ ప్యాకేజీ ఫ్లాగ్ మార్చడమా, దాన్నే వదులుకోవడమా అన్నది మన ఇష్టం. డెస్క్‌టాప్ కావాలంటే ఈలాగిన్‌డీ సర్వీసును బూట్ రన్‌లెవల్‌కు చేర్చాలి.

ఈలాగిన్‌డీ ఎక్కడిదో తెలుసా? సిస్టమ్‌డీలోని లాగిన్ భాగాన్ని విడదీసి, ఆ ఇనిట్ లేకుండా నడిచేలా చేసినదే. డివైజ్‌లు చూసుకునే యూడెవ్ కూడా జెంటూలో సిస్టమ్‌డీ-యుటిల్స్ అనే ప్యాకేజీ నుంచి వస్తుంది. పేరు చూసి కంగారుపడనక్కరలేదు, అందులో ఇనిట్ ఉండదు. మల్టిక్స్ నుంచి రిచీ బృందం మంచి ముక్కలు తెచ్చుకున్నట్టే ఇదీ. సోర్స్ చేతిలో ఉండి, కంపైల్ చేసుకునే ఓపిక ఉంటేనే అలా విడదీయడం కుదురుతుంది.

ఇంకో సంగతీ ఉంది. యూడెవ్ సిస్టమ్‌డీలో కలిసిపోయాక జెంటూ డెవలపర్లు 2012లో ఈయూడెవ్ అనే వేరు శాఖ నడిపారు. కొన్నేళ్లకు దాన్ని మోయడం భారమై జెంటూ వదిలేసింది. వద్దనే హక్కు కాగితం మీద ఎప్పటికీ ఉంటుంది. కానీ ఎవరో ఒకరు కూర్చుని ఆ కోడ్‌ను చూసుకుంటున్నంత కాలమే అది పనిచేస్తుంది. ఓపెన్‌ఆర్‌సీ ఈరోజు బూట్ అవుతోందంటే, ఏ జీతమూ లేకుండా దాన్ని దిద్దేవాళ్లు ఉన్నారు కాబట్టే.

రిచీ పేరు చెప్పగానే మనం పరీక్షలో వచ్చే రెండు మార్కుల ప్రశ్న దగ్గర ఆగిపోతాం: సి భాషను ఎవరు, ఎప్పుడు తయారుచేశారు అని. ఆయన్ని కలవడానికి అంతకంటే మంచి దారి ఒకటుంది. పాత యూనిక్స్ ఎడిషన్ల సోర్స్ 2002 నుంచి ఎవరైనా చదువుకునేలా బయట ఉంది. ఏడో ఎడిషన్ ఇనిట్ కొన్ని వందల లైన్లకు మించదు. ఫోర్క్, ఎగ్జెక్, వెయిట్ అనే మూడు కాల్స్ అర్థమైతే చాలు, ఒక సాయంత్రంలో అయిపోతుంది. అది చదివాక ఓపెన్‌ఆర్‌సీ పెట్టుకున్నా, సిస్టమ్‌డీ పెట్టుకున్నా పర్వాలేదు. అప్పుడు అది మనం ఎంచుకున్నది అవుతుంది.